గూటీ ఏ దేశంలో ఉంది?

ప్రశ్న: గురువు గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. నాన్నగారి ఉద్యోగం వల్ల ముప్పై ఏళ్లుగా చెన్నైలో, కొళత్తూరులో ఉంటున్నాం. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మా వీధి దాటితే రంగుచేపల దుకాణాలే. చిన్నప్పటి నుంచి చేపలు పెంచుతున్నాను. ఏడాది క్రితం ఒక పరిచయస్థుడి ద్వారా మూడు టరాంటులా (రోమాలుండే పెద్ద సాలీడు) పిల్లలను కొన్నాను. మొదటిది నీలం రంగుది. అమ్మినతను ‘కోబాల్ట్ బ్లూ’ అన్నాడు. ఫొటో చూసిన స్నేహితుడు ‘సేలం ఆర్నమెంటల్’ అన్నాడు. ఇంకొకరు ‘గూటీ సఫైర్’ అన్నారు. దాని డబ్బాలో మొదట కొబ్బరి పొట్టు లోతుగా నింపాను, పైన ఖాళీ వదలలేదు. అది మూత అంచున వేలాడుతూ ఉండేది. తరువాత బెరడు ముక్క పెట్టాను. రెండు వారాలుగా తినడం లేదు. రెండోది మోకాళ్ల దగ్గర నారింజ రంగుండే ‘మెక్సికన్ రెడ్ నీ’. మూడోది కొన్నప్పుడు ముదురు నీలం. ఇప్పుడు తల భాగం ఆకుపచ్చగా, పొట్ట ఎర్రగా మారుతోంది. జబ్బు చేసిందేమోనని భయంగా ఉంది. ఇవి అసలు ఏమిటి? మనిషికో పేరు ఎందుకు చెబుతున్నారు? గూటీ ఏ దేశంలో ఉంది? అమ్మ నా గదిలోకి రావడమే మానేసింది. ఆమెకు ఏమని చెప్పాలి? ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, కొళత్తూరు, చెన్నై

సమాధానం: మీ ప్రశ్నలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది గూటీ ప్రశ్న. ముందు దానికే జవాబిస్తాను. గూటీ ఏ పరాయి దేశంలోనూ లేదు. అది మన గుత్తి. అనంతపురం జిల్లా గుత్తి. కొండమీద కోట ఉన్న ఊరు. చెన్నై నుంచి ముంబయి రైలెక్కితే గుంతకల్లుకు ముందు వచ్చే స్టేషను. ఆంగ్లేయులు ఆ ఊరి పేరును తమ అక్షరాల్లో రాసుకున్నారు. ఆ రాతను చూసి ప్రపంచమంతా గూటీ అని చదివింది. పెంపుడు సాలీళ్ల వ్యాపారంలో ఆ పేరు సముద్రాలు దాటి తిరిగి తిరిగి, నెల్లూరు వారింటి అబ్బాయి చెవిన పడేసరికి అది ఏ దేశమో తెలియకుండా పోయింది. ఇందులో మీ తప్పేమీ లేదు. అయినా ఆ వాక్యం చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మన నేలమీద పుట్టిన జీవి పేరు మనకే పరాయి మాటగా వినిపించింది కదా!

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో సాలీళ్లను, తేళ్లను పరిశీలించిన రెజినాల్డ్ పోకాక్ 1899లో దీనికి పొయిసిలోథీరియా మెటాలికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ నమూనా దొరికింది గుత్తిలో, రైల్వేవారు కలప నిల్వచేసే చోట. ఆ తరువాత 102 ఏళ్లపాటు దీన్ని ఏ శాస్త్రవేత్తా చూడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తికి అది సుమారు 100 కిలోమీటర్ల దూరం. గుత్తి పరిసరాల్లో అలాంటి అడవుల్లో వెతికితే ఒక్కటీ దొరకలేదు. కలప దుంగల్లో దాక్కుని రైల్లో గుత్తి చేరి ఉంటుందని నిపుణుల అంచనా. అంటే పేరులో ఉన్న ఊరు దాని సొంత ఊరు కూడా కాదు, అది దిగిన స్టేషను మాత్రమే. దాని ఇల్లు పాత చెట్ల తొర్రల్లో, బెరడు సందుల్లో ఉంటుంది. ఆ చెట్లు కలపకూ వంటచెరకుకూ పోతూ ఉంటే దానికి నిలువనీడ లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది.

ఇక పేర్ల సంగతి. ఈ ఒక్క సాలీడునే గూటీ సఫైర్ అంటారు, మెటాలిక్ టరాంటులా అంటారు, పీకాక్ టరాంటులా అంటారు, పీకాక్ పారాచూట్ స్పైడర్ అంటారు, సేలం ఆర్నమెంటల్ అని కూడా అంటారు. కొన్ని జాబితాల్లో మన ‘సాలెపురుగు’ అన్న మాటను సైతం దీనికి ప్రత్యేక నామంగా చేర్చేశారు. వంటింటి మూలన గూడు అల్లే ప్రతి ప్రాణినీ మనం సాలెపురుగే అంటాం కదా. బహుశా ఎవరో మన పల్లెల్లో దీన్ని చూపించి ఏమంటారని అడిగి ఉంటారు, అవతలివారు తెలిసిన మాట చెప్పి ఉంటారు. అది కాస్తా జాబితాకెక్కింది.

సేలం పేరు ఇంకో చిక్కు తెచ్చింది. అదే పోకాక్, అదే 1899లో, సేలం ప్రాంతపు మరో సాలీడుకు పొయిసిలోథీరియా ఫార్మోసా అని పేరు పెట్టాడు. సేలం ఆర్నమెంటల్ అన్న పేరు న్యాయంగా దానిది. అది నీలంగా ఉండదు. దానిలో బూడిద వన్నె ఎక్కువ. కానీ వ్యాపారులు రెండింటికీ ఆ పేరు వాడుతూ వచ్చారు. అందుకే మీ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు, ‘గూటీ’ అన్నతనూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ ఒకే సాలీడును రెండు పేర్లతో పిలిచారు. పొరపాటు పడినది ‘కోబాల్ట్ బ్లూ’ అన్న అమ్మకందారు. ఆ పేరు పూర్తిగా వేరే జీవిది.

మీ మొదటి ఫొటోను పెద్దది చేసి చూశాను. మీరూ ఒకసారి గదిలో దీపం పక్కకు పెట్టి, డబ్బా మూత తెరవకుండా చూడండి. అది నిలువుగా పెట్టిన బెరడు ముక్కకు అంటుకుని, కాళ్లు చాపి, తల కిందికి పెట్టి ఉంది. కాళ్లు నీలం, కానీ కాళ్ల మీద అక్కడక్కడ నిమ్మపండు రంగు మచ్చలున్నాయి. వీపు మీద, పొట్ట మీద తెల్లటి గీతలు కొమ్మలు చీలినట్టు చీలి అల్లికలా కనిపిస్తున్నాయి. సంక్రాంతికి తడి ముగ్గు వేసేటప్పుడు సన్నని గీత నుంచి ఇంకో సన్నని గీత లాగుతారే, అలా. నీలం, పసుపు మచ్చలు, తెల్లటి అల్లిక, చెట్టు మీది నివాసం, ఈ నాలుగూ కలిసి ఉంటే అది మెటాలికాయే. అసలు కోబాల్ట్ బ్లూ పేరు సిరియోపాగోపస్ లివిడస్. దాని ఊరు మయన్మార్, థాయిలాండ్. అది చెట్టెక్కదు, నేలలో లోతుగా బొరియ తవ్వుకుని రోజుల తరబడి బయటికి రాకుండా ఉంటుంది. దాని కాళ్లు ఒకే తీరు ముదురు నీలం. పసుపు మచ్చలుండవు, తెల్ల అల్లిక ఉండదు.

చెట్టు మీది నీలం సాలీడు ఇంకొకటి కూడా ఉంది కాబట్టి ‘నీలం, చెట్టు’ అన్న రెండు గుర్తులతో ఆగిపోకండి. మలేసియా, సింగపూర్ ప్రాంతపు ఓమోథైమస్ వయోలేసియోపెస్‌ను సింగపూర్ బ్లూ అంటారు. వెనెజులాలో నీలం కాళ్లు, ఆకుపచ్చ వీపు, నారింజ పొట్టతో ఒకటుంది. దాన్ని గ్రీన్ బాటిల్ బ్లూ అంటారు. దాని శాస్త్రీయ నామం క్రోమాటోపెల్మా సయానియోప్యుబెసెన్స్. పలకడానికి కష్టమే. కానీ అందులోని రెండో మాటకు నీలిరంగు నూగు కలది అని అర్థం. చూసినవాడు చూసినట్టు పెట్టిన పేరది.

రంగును నమ్మి గుర్తుపట్టడం ఎందుకు ప్రమాదమో చెబుతాను. టరాంటులాల నీలం రంగు పూతలాంటిది కాదు, అంటే రోమాల్లో నీలి వర్ణద్రవ్యం ఏమీ లేదు. రోమాల లోపల కంటికి కనిపించనంత సన్నని నిర్మాణాలు ఉంటాయి. వాటిమీద పడిన వెలుతురులో నీలి వెలుగు మాత్రమే గట్టిగా తిరిగి వస్తుంది. నెమలి పింఛం నీలం కూడా ఇలాంటిదే. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం టరాంటులాల వంశంలో ఈ నీలం కనీసం 8 సార్లు విడివిడిగా పుట్టింది. అంటే రెండు సాలీళ్లు ఒకే నీలంలో ఉన్నాయంటే అవి చుట్టాలని కాదు. మన వీధిలో ఇద్దరు నీలం చొక్కా వేసుకుంటే అన్నదమ్ములవుతారా? పైగా ఈ నీలం వెలుతురును బట్టి కనిపిస్తుంది. మసక గదిలో అదే జీవి బూడిద రంగులో ఉంటుంది. ఫోను వెలుగు పడగానే మెరుస్తుంది. అమ్మేవారి ఫొటోల్లో రంగు ఇంకాస్త పెంచి చూపిస్తారు. అందుకే ఎవరైనా ఫొటోలోని నీలాన్ని మాత్రమే చూసి పేరు చెబితే ఆ పేరును పక్కన పెట్టండి. ఎక్కడ కూర్చుంది, కాళ్ల మీద ఏ మచ్చలున్నాయి, వీపు మీద ఏ గీతలున్నాయి, ఈ వివరాలతో చెప్పేవారి మాట వినండి.

పేరు ఏదైతేనేం, సాలీడు సాలీడే కదా అని మీ ఇంట్లోవారు అనవచ్చు. చెన్నైలో ఉంటున్నారు కాబట్టి మీకు సులువుగా అర్థమయ్యే సంగతి చెబుతాను. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా చిన్నవాడికి జలుబు చేస్తే, పక్కింటి తమిళ అత్తగారు కర్పూరవల్లి రసం పోయమన్నారు. బజారుకు వెళ్లినవారు కర్పూరవల్లి అని అడిగి ఒక అత్తం అరటిపళ్లు తెచ్చారు. తమిళనాడులో కర్పూరవల్లి అనే అరటి రకం ఉంది. పక్కింటావిడ చెప్పింది మనం వాము ఆకు అనే మందమైన ఆకు. పిల్లవాడికి జలుబులో అరటిపండు పెట్టబోయి ఆగాం. ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ తప్పు వినలేదు. పేరు ఒకటి, వస్తువులు రెండు.

మీ డబ్బాలోనూ అదే జరిగింది. కోబాల్ట్ బ్లూ అని నమ్మి మీరు మొదట కొబ్బరి పొట్టు లోతుగా నింపి, పైన ఖాళీ వదలలేదని రాశారు. బొరియ తవ్వే జీవికి అది సరైన ఇల్లే. చెట్టు తొర్రలో బతికే జీవికి నేల లోతు ఎందుకు? ఎత్తు కావాలి, ఆనుకోవడానికి నిలువు బెరడు కావాలి, గాలి ఆడాలి. అది మూత అంచున వేలాడుతూ ఉండేదని మీరే రాశారు. ఇంకెక్కడ కూర్చుంటుంది పాపం! ఆ తరువాత బెరడు పెట్టి మంచి పని చేశారు. ఇక పొట్టు ఎత్తు తగ్గించండి, డబ్బా నిలువుగా ఉన్నది తీసుకోండి, మూల ఒక చిన్న నీటి గిన్నె ఉంచండి. చెన్నై ఉక్కకు వేరే వేడి దీపాలేమీ అక్కరలేదు.

రెండోది రెడ్ నీ. ఇది నన్నూ చాలా ఏళ్లు తప్పుదోవ పట్టించింది. నేను జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో పుస్తకాల్లో, పటాల్లో నల్లటి ఒంటితో నారింజ మోకాళ్లున్న సాలీడు కనిపిస్తే బ్రాకీపెల్మా స్మితీ అని కళ్లు మూసుకుని చెప్పేవాడిని. పిల్లలు అదే రాసుకునేవారు. 2017లో మెండోసా, ఫ్రాంకే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మెక్సికోలోని ఆ ఎర్ర మోకాళ్ల సాలీళ్లను తిరగేసి పరిశీలించారు. ప్రపంచమంతటా స్మితీ పేరుతో పెంచుతున్న వాటిలో ఎక్కువ భాగం నిజానికి బ్రాకీపెల్మా హామోరీ అని తేలింది. రెండూ మెక్సికో పసిఫిక్ తీరం వైపువే. హామోరీ వాయవ్యాన హలిస్కో, కొలీమా, మిచోవాకాన్ రాష్ట్రాల వైపు ఉంటే, స్మితీ ఆగ్నేయాన గెరేరో వైపు ఉంటుంది. పైపై చూపుకు కవలలు. ఆడదాని పొట్ట లోపల వీర్యం దాచుకునే చిన్న సంచి ఆకారంలో, మగదాని ముఖం పక్కనున్న పొట్టి కాళ్ల చివరి భాగంలో, డీఎన్ఏలో తేడా తెలుస్తుంది. నేను చెప్పింది రాసుకున్న పిల్లలందరికీ ఇప్పుడు ఉత్తరం రాసి సరిచేయాలని ఉంటుంది.

అందువల్ల మీ రెడ్ నీ ఫొటో చూసి ఫలానా అని నేను తేల్చను. చీటీ మీద ‘బ్రాకీపెల్మా, హామోరీ కావచ్చు’ అని రాసుకోండి. తెలియని చోట కావచ్చు అని రాయడం శాస్త్రంలో గౌరవమైన పనే. ఇదే ప్రజాతిలో, అంటే ఇదే దగ్గరి చుట్టాల గుంపులో, కాళ్లు ఎర్రగా ఉండే ఎమీలియా, ఇంకా ముదురు నిప్పురంగులో ఉండే బోమీ ఉన్నాయి. రెడ్ నీ, రెడ్ లెగ్, ఫైర్ లెగ్ అని అమ్మేవారి నోట ఇవి అటూ ఇటూ మారిపోతూ ఉంటాయి.

మూడోదానికి జబ్బేమీ లేదు, కంగారుపడకండి. మీరు వర్ణించిన మార్పు కరిబీనా వర్సికలర్‌కు వయసుతో వచ్చే మార్పు. దాని ఊరు కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ ద్వీపం. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లంతా నీలం. కుబుసం విడిచిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా నీలం పోయి, తల భాగం ఆకుపచ్చగా, పొట్ట ఎర్రటి రోమాలతో, కాళ్లు ఊదా చాయతో తయారవుతుంది. లాటిన్‌లో వర్సికలర్ అంటే రంగులు మారేది అని అర్థం. అమ్మినతను మీకు ‘బ్లూ’ అని చెప్పకుండా ఈ పేరు చెప్పి ఉంటే మీకు ఈ భయమే ఉండేది కాదు. గ్రీన్ బాటిల్ బ్లూ పిల్లలదీ ఇదే కథ: చిన్నప్పుడు నారింజ పొట్టమీద నల్లటి పులిచారలుంటాయి, పెరిగాక ఆ చారలు మాయమవుతాయి. మెటాలికా మగది పెద్దదయ్యాక ఆడదానంత మెరవదు. వయసు, ఆడామగా తేడా తెలియకుండా రంగు గురించి మాట్లాడితే సగం మాటే అవుతుంది.

శాస్త్రీయ నామాలు కూడా మారుతున్నాయి కదా, వాటిని మాత్రం ఎందుకు నమ్మాలి అని మీకు సందేహం రావచ్చు. న్యాయమైన సందేహమే. కరిబీనా వర్సికలర్‌ను 2017కు ముందు అవిక్యులేరియా వర్సికలర్ అనేవారు. లివిడస్ అన్న కోబాల్ట్‌ను హాప్లోపెల్మా లివిడం అనేవారు. గమనించారా, మొదటి మాట మారింది, రెండో మాట దాదాపు అలాగే ఉంది. మొదటిది ప్రజాతి పేరు, ఇంటిపేరు లాంటిది. కొత్త సంగతులు తెలిస్తే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుస్తారు. రెండోది జాతి పేరు, సాధారణంగా చివరి అక్షరం తప్ప మారదు. ఆ మార్పుకు కూడా ఎవరు, ఏ సంవత్సరంలో, ఎందుకు మార్చారో లెక్క ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియంవారు నడిపే ప్రపంచ సాలీళ్ల పట్టికలో 50 వేలకు పైగా జాతుల పేర్లు, వాటి పాత పేర్లతో సహా దొరుకుతాయి. కోబాల్ట్ బ్లూ అన్న పేరుకు అలాంటి లెక్క ఎక్కడుంది? ఎవరికి నచ్చితే వారు, దేనికి నచ్చితే దానికి పెట్టుకోవచ్చు. చీటీ మీద ‘ఎస్పీ’ అని రాసి పక్కన ‘బ్లూ’ అనో ‘రెడ్’ అనో రాసి అమ్మినా జాగ్రత్త. ఆ జాతికి ఇంకా పేరు పెట్టలేదనో, అమ్మేవారికి తెలియదనో దాని అర్థం.

అసలు టరాంటులా అన్న మాట చరిత్రే పొరపాటు చరిత్ర. ఇటలీలోని టరాంటో పట్టణం పేరు మీద అక్కడి తోడేలు సాలీడు ఒకదాన్ని మొదట అలా పిలిచారు. అది కరిస్తే ఆగకుండా నాట్యం చేయాలని నమ్మేవారు. తరువాత ఐరోపావారు అమెరికా ఖండాలకు వెళ్లి అక్కడి పెద్ద రోమాల సాలీళ్లను చూసి తమకు తెలిసిన మాటే వాటికీ తగిలించారు. ఇప్పుడు లోకమంతా టరాంటులా అంటున్నది వేరే కుటుంబాన్ని, మొదట ఆ పేరున్న సాలీడును కాదు.

ఖచ్చితంగా తెలుసుకోవాలంటే మీ చేతిలో ఉన్న సాధనం కుబుసం. పాము మాత్రమే కాదు, సాలీడూ కుబుసం విడుస్తుంది. చాలామంది ఆ పొరను చెత్తబుట్టలో వేస్తారు. దయచేసి పారేయకండి. ఎండిపోయి ముద్దగా ముడుచుకుని ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి, అంట్లు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి, దాన్ని అందులో ఒక గంట ఉంచండి. మెత్తబడుతుంది. అప్పుడు తెల్ల పళ్లెంలోకి తీసి, రెండు సన్నని కుంచెలతో పొట్ట భాగాన్ని మెల్లగా విప్పండి. తడి ఉల్లిపొర విప్పుతున్నట్టే ఉంటుంది, తొందరపడితే చిరుగుతుంది. లోపలి వైపు రెండు జతల తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అవి శ్వాస పుస్తకాల, అంటే సాలీడు ఊపిరి పీల్చే అవయవాల, గుర్తులు. తలకు దగ్గరగా ఉన్న జత మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. భూతద్దంతో ఆ గీత దగ్గర చూడండి. అక్కడ చిన్న సంచిలాంటి పొర లేచి ఉంటే ఆడది. దాని ఆకారమే జాతిని చెప్పే తాళంచెవి. ఏమీ లేకపోతే చాలావరకు మగది. పెరంబూరు నుంచి ఒక విద్యార్థి తెచ్చిన కుబుసాన్ని మొదటిసారి అలా విప్పినప్పుడు, రోమాల నీలం చచ్చిన పొరలో కూడా మెరవడం చూసి మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు. వర్ణద్రవ్యం కాదు, నిర్మాణం అని ఇందాక రాశానే, దానికి అంతకు మించిన రుజువు నాకు అక్కరలేదు.

ఆరబెట్టిన కుబుసాన్ని అట్టపెట్టెలో పెట్టి తేదీ వేయండి. డబ్బా చీటీ మీద శాస్త్రీయ నామం, ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర, ఏ ప్రాంతపు జాతి అన్నవి రాయండి. మెటాలికా చీటీ మీద తెలుగులో ‘గుత్తి’ అని కూడా రాస్తే నాకు సంతోషం.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. మీ ఉత్తరంలో బిల్లు ప్రస్తావన లేదు, ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రస్తావనా లేదు. బ్రాకీపెల్మాలన్నీ 1995 నుంచీ, పొయిసిలోథీరియాలన్నీ 2019 నుంచీ, అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జీవులను నాలుగో షెడ్యూలులోకి తెచ్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి జీవులు దగ్గరున్నవారు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. వాటికి గడువులున్నాయి. కాబట్టి ఆలస్యం చేయకుండా గిండీలోని వన్యప్రాణి వార్డెన్ కార్యాలయానికి మీరే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మినతను పంపిన సందేశాలు, డబ్బు కట్టిన ఆధారం వెంట తీసుకెళ్లండి. ఎవరో చెప్పి వారు మీ ఇంటికి రావడం కంటే మీరు వెళ్లడం మేలు.

2021 జులైలో చెన్నై కస్టమ్స్ అధికారులు పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్సెల్ విప్పితే, వెండి రంగు రేకులో, దూదిలో చుట్టిన చిన్న చిన్న గొట్టాల్లో 107 బతికున్న సాలీళ్లు బయటపడ్డాయి. వన్యప్రాణి నేర నియంత్రణ విభాగం, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ నిపుణులు వాటిని చూసి బ్రాకీపెల్మా వంటి ప్రజాతులవని అనుమానించారు. వాటిని వెనక్కి పంపారు. పసి సాలీళ్ల విషయంలో ఆరితేరినవారు కూడా ప్రజాతి దగ్గరే ఆగారంటే, వీధిలో అమ్మేవారి చీటీకి ఎంత విలువ ఇవ్వాలో మీరే ఆలోచించండి. మెటాలికా విషయంలో నాకు ఇంకో బాధ ఉంది. విదేశాల్లో దీన్ని పెంపకంలోనే పిల్లలు పెట్టిస్తున్నారు. ఇక్కడ అమ్మేది మాత్రం మన నల్లమల పక్క అడవిలో బెరడు చీల్చి తీసింది అయ్యే ప్రమాదం ఉంది. అలా తీసేటప్పుడు సాలీడుతో పాటు దాని ఇల్లూ పోతుంది. ఇంకొకటి కొనకండి. ఉన్నదాన్ని ఎంత విసుగొచ్చినా కొళత్తూరు చెరువు గట్టు మీద చెట్టుకు వదలకండి. అది దాని అడవి కాదు.

అమ్మగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రమాదమే లేదని చెప్పకండి. మెటాలికాకు విసిరే రోమాలు లేవు, కానీ మెరుపులా పరుగెత్తుతుంది, బెదిరితే కరుస్తుంది. ప్రాణం పోయిన దాఖలా లేదు. అయితే ఈ ప్రజాతి కాటుకు కండరాలు పట్టేసి, ఆ నొప్పి రోజుల తరబడి తిరిగి తిరిగి వస్తుంది. పాము కాటుకు ఇచ్చే విరుగుడు దీనికి పనికిరాదు. లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు. ఆస్పత్రిలో చెప్పడానికైనా సరైన పేరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. రెడ్ నీ నెమ్మదైనది. కానీ కోపం వస్తే వెనక కాళ్లతో పొట్టమీది రోమాలు విసురుతుంది, అవి కంట్లో పడితే చాలా బాధ. వర్సికలర్ ఈ మూడింటిలో సాధువు. ఏదీ చేతిలోకి తీసుకుని ఆడించాల్సిన జీవి కాదు. డబ్బాలకు చిన్న తాళాలు వేయండి, గది ఊడవడానికి వచ్చేవారికీ చెప్పి ఉంచండి. అమ్మగారిది గుత్తి వైపు చుట్టరికం ఏమైనా ఉంటే నాకు తెలియదు గానీ, ఆ నీలం సాలీడు నంద్యాల వైపు అడవిదని, మన దేశంలో తప్ప మరే దేశపు అడవిలోనూ లేదని ఆమెకు చెప్పి చూడండి. గుమ్మం దగ్గర నిలబడి చూసినా చాలు.

ఫొటోలో మెటాలికా పొట్ట నిండుగా ఉంది, రంగు కొంచెం మసకబారింది. రెండు వారాలుగా తినడం లేదన్నారు. కుబుసం విడిచే వేళ దగ్గరపడింది. కీచురాళ్లను డబ్బాలోంచి తీసేయండి, మెత్తగా ఉన్న ఒంటిని అవి కొరుకుతాయి. వెల్లకిలా పడి కదలకుండా కనిపించినా చచ్చిందనుకుని తాకకండి. విడిచాక కోరలు నల్లబడి గట్టిపడేదాకా, ఒక వారం పది రోజులు, తిండి పెట్టకండి. నీళ్లు మాత్రం ఉంచండి. పొర దొరికాక పైన చెప్పినట్టు నానబెట్టి, విప్పి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి. ఆడదో మగదో చూసి రాస్తాను.